పాత మేడకు వైద్యం

హైదరాబాదులో అమీర్‌పేట వద్ద మెట్రో రైలెక్కి ఖైరతాబాదు వైపు ప్రయాణం చేస్తే మొదట పంజాగుట్ట, ఆ తరువాత ఎర్రమంజిల్ స్టేషన్లు వస్తాయి. ఎర్రమంజిల్ అంటే ఒక పేట పేరని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఒక మేడ పేరు. పంజాగుట్టకూ ఖైరతాబాదుకూ మధ్య ఒక చిన్న గుట్ట మీద నిలిచి ఉన్న ఆ మేడ వల్లనే ఆ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది.

నిజాముల కాలంలో ఉన్నత పదవులలో ఉన్న నవాబు ఫక్రుల్ ముల్క్ 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో ఈ మేడను కట్టించారు. ఇందులో సుమారు 150 గదులున్నాయి. యూరపు దేశాల బరోక్ శైలిలో గోడలకు సున్నపు గచ్చుతో నగిషీలు చెక్కారు. 'ఇరమ్' అంటే స్వర్గాన్ని తలపించే ఉద్యానం, 'మంజిల్' అంటే నివాసం. గుట్ట ఎర్రగా ఉండటం వల్ల తెలుగులోనూ అర్థం కుదిరేటట్లు ఈ పేరు ఎంచుకున్నారని చెబుతారు. కాలక్రమంలో ఈ మేడ ప్రభుత్వం చేతికి వచ్చింది. రోడ్లు భవనాల శాఖ, నీటిపారుదల శాఖ కార్యాలయాలు ఇందులో ఎన్నో ఏళ్ళు నడిచాయి.

2019 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఈ స్థలంలో కొత్త శాసనసభ భవనాలు కట్టాలని నిర్ణయించింది. అలా కట్టాలంటే పాత మేడను కూల్చక తప్పదు. కొందరు పౌరులు హైకోర్టుకు వెళ్ళారు. 2019 సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. నగర ప్రణాళికా నిబంధనలు వారసత్వ కట్టడంగా గుర్తించిన భవనం విషయంలో ప్రభుత్వం ఆ నిబంధనల ప్రకారం నడుచుకోలేదన్నది తీర్పులోని ముఖ్యాంశం.

మేడ దక్కింది. కాని విద్యార్థులారా! కోర్టు తీర్పు వాన చెమ్మను ఆపగలదా? గోడలో మొలిచే రావి మొక్కను పీకగలదా? గునపం నుంచి తప్పించుకున్న భవనాన్ని ఎండావానల నుంచి కాపాడటం మరొక పని. ఆ పనికి సైన్సు కావాలి. తెలియక చేసిన మరమ్మతు ఒక్కొక్కసారి గునపం చేసే హానినే మెల్లమెల్లగా చేస్తుంది. అదెలాగో చూద్దాం.

గోడలోని రసాయన శాస్త్రం

మన దేశంలో సిమెంటు తయారుచేసే తొలి ప్రయత్నాలలో ఒకటి 1904లో మద్రాసులో జరిగింది. అంతకు ముందు కట్టిన కోటలు, గుళ్ళు, మసీదులు, మేడలు చాలావరకు దేనితో నిలిచాయి? సున్నంతో. మన పెద్దలు దానిని డంగు సున్నం, గానుగ సున్నం అనేవారు. ఎద్దులు తిప్పే రాతి గానుగలో సున్నాన్నీ ఇసుకనూ వేసి వెన్నలా మెత్తబడేదాకా నూరేవారు కనుక ఆ పేరు వచ్చింది. అందులో ఇటుకపొడి (సుర్కీ) కలిపేవారు. బెల్లం నీరు, కరక్కాయలు నానబెట్టిన నీరు, మారేడు పండు గుజ్జు వంటివి కూడా చేర్చడం ఉండేది.

ఈ సున్నం కథ ఒక చక్రం వంటిది. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. దీనిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) బయటికి పోయి పొడిసున్నం మిగులుతుంది. 100 గ్రాముల సున్నపురాయిని పూర్తిగా కాలిస్తే 56 గ్రాముల పొడిసున్నం మిగిలి, 44 గ్రాముల వాయువు గాలిలో కలుస్తుంది. ఆ పొడిసున్నం మీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి తడిసున్నం అవుతుంది. ఆ వేడికి నీరు ఆవిరిగా లేవడం మీలో కొందరు చూసే ఉంటారు.

ఈ తడిసున్నాన్ని ఇసుకతో కలిపి గోడకు పెట్టిన తరువాత అసలు విచిత్రం మొదలవుతుంది. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంచెం కొంచెంగా పీల్చుకుని, తిరిగి కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. రాయి బట్టీలో పోగొట్టుకున్న 44 గ్రాములను గాలి నుంచి తిరిగి తీసుకుంటుందన్నమాట! రాయి సున్నమై, సున్నం మళ్ళీ రాయి అయింది. మీ బడి ప్రయోగశాలలో సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే అది పాలవలె తెల్లబడుతుంది కదా! అక్కడ క్షణాలలో జరిగే చర్యే గోడలో ఏళ్ళ తరబడి జరుగుతుంది. పైపొర త్వరగా గట్టిపడినా, మందపాటి గోడ లోపలికి వాయువు చేరడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది.

ఈ నిదానం వల్ల ఒక మేలుంది. గోడలో వెంట్రుకవాసి పగుళ్ళు ఏర్పడితే, వాన చెమ్మకు కొంత సున్నం కరిగి ఆ పగుళ్ళలోకి చేరుతుంది. అక్కడ మళ్ళీ గట్టిపడి వాటిని పూడుస్తుంది. చిన్న గాయం తనంతట తాను మానినట్లే ఇది కూడా.

సిమెంటు పూస్తే ఏమవుతుంది?

పాత గోడ పెచ్చులూడగానే చాలామందికి తోచే ఉపాయం ఒక్కటే: నాలుగు బస్తాల సిమెంటు తెప్పించి గిలాబా చేయించడం. సిమెంటు సున్నం కన్నా ఎంతో గట్టిది. మరి గట్టి వస్తువు వాడితే మంచిదేగా?

ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. దీపపు వత్తి నూనెను పైకి పీల్చినట్లే, ఇటుకలోని సన్నని రంధ్రాలు నేలలోని నీటిని పైకి లాగుతాయి. దీనినే కేశనాళికీయత అంటారు. పాత కట్టడాలలో నేల చెమ్మ గోడలోకి ఎక్కకుండా ఆపే పొరలు సాధారణంగా ఉండవు. అయినా అవి వంద, రెండువందల ఏళ్ళు నిలిచాయి. కారణం ఏమంటే, సున్నపు పూతలోనూ సన్నని రంధ్రాలుంటాయి. లోపలికి చేరిన చెమ్మ ఆ రంధ్రాల గుండా ఆవిరై బయటికి పోతుంది. ఒక మాటలో చెప్పాలంటే పాత గోడ ఊపిరి పీలుస్తుంది.

ఆ గోడకు దట్టంగా సిమెంటు పూస్తే ఊపిరి ఆడదు. బయటికి రాలేని చెమ్మ గోడ లోపలే నిలిచి, పూత లేని చోటు దొరికేదాకా ఇంకా పైకి ఎక్కుతుంది. నీటితోపాటు కొన్ని లవణాలు కూడా వస్తాయి. నీరు ఆవిరైన చోట అవి స్ఫటికాలుగా మారతాయి. సున్నపు పూత పైన అయితే ఇవి తెల్లని పొడిలా కనిపిస్తాయి, చీపురుతో దులిపితే పోతాయి. సిమెంటు పూత వెనక అయితే స్ఫటికాలు పెరుగుతూ ఇటుకను లోపలి నుంచి పొడిపొడి చేస్తాయి. బయటికి గోడ నున్నగా కనిపిస్తుంది, లోపల మాత్రం గుల్ల అవుతుంది. కొన్నేళ్ళకు సిమెంటు పలకలు ఊడిపడేటప్పుడు దానికి అంటుకుని పాత ఇటుక కూడా ఊడి వస్తుంది.

ఇంకొక కారణం కూడా ఉంది. మీ ఇంట్లో కరెంటు ఫ్యూజు ఎందుకు పెడతారు? విద్యుత్తు ఎక్కువైనప్పుడు అది ముందుగా కరిగిపోయి మిగిలిన వస్తువులను కాపాడుతుంది. గోడలో సున్నం పని కూడా అటువంటిదే. గోడ కొద్దిగా కదిలినా, ఎండకు వ్యాకోచించినా, మెత్తని సున్నం ఆ ఒత్తిడిని తాను భరిస్తుంది. పగిలితే సున్నమే పగులుతుంది, దానిని తిరిగి పెట్టుకోవచ్చు. ఇటుక కన్నా సిమెంటు గట్టిదైతే మాత్రం పగిలేది ఇటుక.

ఈ పాఠం మన నగరంలోనే కళ్ళారా చూడవచ్చు. గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల వద్ద ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 2013లో చేపట్టిన పునరుద్ధరణ పని 2024లో ముగిసింది. అక్కడ చేసిన పనులలో ముఖ్యమైనది, 20వ శతాబ్దంలో మరమ్మతుల పేరుతో పూసిన సిమెంటును ఒలిచివేసి మళ్ళీ సున్నపు పూత వేయడం. మరమ్మతుకే మరమ్మతు చేయవలసి వచ్చిందన్నమాట!

అంతమాత్రాన సిమెంటు చెడ్డదని అనుకోకండి. మెట్రో రైలు నడిచే వంతెనను సున్నంతో కట్టలేము. ఏ గోడ ఏ పదార్థంతో పుట్టిందో తెలుసుకుని, దానికి సరిపడే పదార్థమే వాడాలన్నది సూత్రం.

ముందు పరీక్ష, తరువాత చికిత్స

జ్వరం వచ్చిన వాడికి నాడి చూడకుండా మందిచ్చే వైద్యుణ్ణి ఎవరూ నమ్మరు. భవనాల విషయంలోనూ అంతే. అనుభవమున్న ఇంజనీరు చేసే పరీక్షలలో కొన్ని ఎంత సులభమైనవో చూడండి.

మొదటిది గాజుపట్టీ పరీక్ష. పగులుకు అడ్డంగా ఒక సన్నని గాజుపట్టీని అతికించి, పక్కన తేదీ రాస్తారు. కొన్ని నెలల తరువాత గాజు చెక్కుచెదరకుండా ఉంటే ఆ పగులు పాతది, ఇక కదలడం లేదు. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నదని అర్థం. అప్పుడు పగులును పూడ్చడం కాదు, కదలికకు కారణం వెతకాలి. పునాది కింద నల్లరేగడి ఉంటే అది తడిసి ఉబ్బి, ఎండి కుంచించుకుపోతూ గోడను కదిలిస్తుంది. పక్కనున్న తూము పగిలి నీరు పునాదిలోకి ఇంకుతూ ఉండవచ్చు కూడా.

రెండవది చెవితో చేసే పరీక్ష. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాము కదా! అలాగే చెక్కసుత్తితో గోడ మీద మెల్లగా తట్టుతారు. ఖంగుమంటే పూత గోడను పట్టుకుని ఉంది. డొల్లశబ్దం వస్తే లోపల విడిపోయింది.

మూడవది మీ బడి ప్రయోగశాలలోని పరీక్షే. పాత సున్నపు ముక్కను తూచి, పొడిచేసి సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే బుసబుస పొంగుతూ సున్నం భాగం కరిగిపోతుంది. ఇసుక మిగులుతుంది. 10 గ్రాముల ముక్కలో 7 గ్రాముల ఇసుక మిగిలిందనుకోండి, కరిగినది 3 గ్రాములు. పాత మేస్త్రీలు ఏ పాళ్ళలో కలిపారో ఈ లెక్క నుంచి తెలుస్తుంది. కొత్త సున్నాన్ని ఆ పాళ్ళకు దగ్గరగా తయారుచేస్తారు.

ఇవి కాక లేజరు కిరణాలతో భవనమంతటినీ కొలిచే యంత్రాలు, గోడలోని చెమ్మను చెప్పే మీటర్లు నేడు వాడుకలో ఉన్నాయి.

రోగం తెలిసిన తరువాత చికిత్స. చాలా భవనాలకు మొదటి మందు నీటిని అదుపులో పెట్టడమే. పైకప్పు మీద నీరు నిలవకుండా వాలు సరిచేయాలి, పూడిన తూములు శుభ్రం చేయాలి, పునాదుల పక్క నుంచి నీటిని దూరంగా పంపాలి. ఆ తరువాత మొక్కల పని. పక్షి రెట్టలో వచ్చిన ఒక చిన్న రావిగింజ పగులులో మొలిస్తే, దాని వేరు లావవుతూ రాళ్ళనే పక్కకు నెడుతుంది. పైకొమ్మ నరికితే లాభం లేదు, వేరు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. గోడ చెడకుండా వేరును తీసి, ఆ ఖాళీని పలుచని సున్నపు ద్రవంతో నింపాలి. ఇక కప్పులలో ఇనుప దూలాలు ఉంటే తుప్పును చూసుకోవాలి. తుప్పు పట్టిన ఇనుము ఎన్నో రెట్లు ఉబ్బి చుట్టూ ఉన్న కట్టడాన్ని పగలగొడుతుంది.

ఆవరణ మొత్తానికి ఒక పటం

ఒక్క భవనాన్ని బాగుచేస్తే చాలదు. ఆ భవనం ఏ పనికి ఉపయోగపడుతుంది? ఖాళీగా పడి ఉన్న మేడలో కారుతున్న నీటిని చూసేవారుండరు. అందువల్ల పాత మేడకు తగిన పని చూపడం కూడా వైద్యంలో భాగమే.

ఎర్రమంజిల్ చుట్టుపక్కలే దీనికి ఉదాహరణలున్నాయి. ఎర్రగడ్డలో ఫక్రుల్ ముల్క్ కట్టించిన మరొక భవనం ఇర్రమ్‌నుమా ఛాతీ వ్యాధుల ఆసుపత్రిగా మారింది. బేగంపేటలో సర్ వికారుల్ ఉమ్రా కట్టించిన పైగా ప్యాలెస్‌లో పూర్వం పట్టణాభివృద్ధి సంస్థ కార్యాలయం ఉండేది. 2008 నుంచి 2023 వరకు అందులోనే అమెరికా కాన్సులేటు నడిచింది. ఒక కుటుంబం నివసించడానికి కట్టిన మేడ, గోడలు మారకుండానే, కార్యాలయంగా పనిచేయగలిగింది.

అయితే కొత్త అవసరాలూ నిజమైనవే. ఎర్రమంజిల్ సమీపంలో పంజాగుట్ట రోడ్డు మీద ఉన్న నిమ్స్, పూర్వం నిజాం ఎముకల ఆసుపత్రి. నేడు రాష్ట్రం నలుమూలల నుంచీ రోగులు అక్కడికి వస్తారు. కొత్త భవనాల కోసం 2023 జూన్‌లో ఎర్రమంజిల్‌లోనే శంకుస్థాపన జరిగింది. పాత మేడలను కాపాడాలని చెప్పి రోగులకు మంచాలు వద్దనగలమా? అనలేము. మరి రెండింటినీ ఎలా కుదర్చాలి?

ఇందుకే ఆవరణ మొత్తానికి బృహత్ ప్రణాళిక (మాస్టర్ ప్లాన్) తయారుచేస్తారు. ఉన్న కట్టడాలు, చెట్లు, నేల వాలు, నీటి దారులు, మనుషులు నడిచే దారులు అన్నీ ముందుగా ఒక పటంలో గుర్తిస్తారు. తరువాత కట్టడాలను మూడు రకాలుగా విభజిస్తారు: తప్పక నిలపవలసినవి, మార్పులతో వాడుకోదగినవి, తీసివేసినా నష్టం లేనివి. కొత్త కట్టడానికి చోటు చాలావరకు ఈ మూడవ రకంలోనే దొరుకుతుంది. ఇక దేని తరువాత ఏది చేయాలో వరుస నిర్ణయిస్తారు. ఆసుపత్రి అయితే వైద్యం ఆగకూడదు, బడి అయితే చదువు ఆగకూడదు కదా!

ఈ ఆలోచనకు పునాది వేసినవారిలో ఒకరు స్కాట్లండ్ దేశీయుడు పాట్రిక్ గెడ్డెస్ (1854–1932). ఆయన మొదట జీవశాస్త్రజ్ఞుడు, వృక్షశాస్త్రం బోధించిన ఆచార్యుడు! 1914లో మన దేశానికి వచ్చి ఎన్నో పట్టణాలను కాలినడకన తిరిగి పరిశీలించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థల నిర్ణయంలోనూ ఆయన సలహా తీసుకున్నారు. పట్టణం కూడా ఒక జీవి వంటిదే అన్నది ఆయన భావం. వెడల్పు రోడ్డు కోసం వీధులకు వీధులే కూల్చే పద్ధతిని ఆయన ఒప్పుకోలేదు. ముందు రోగం కనుక్కోండి, తరువాత అవసరమైనంత మేరకే కోయండి అనేవారు. నైపుణ్యం గల వైద్యుడు కాలి వేలికి పుండయితే కాలంతా తీసివేయడు కదా!

కొన్ని సందర్భాలలో కొత్త అవసరానికి వేరే స్థలం చూపడమే మంచి ప్రణాళిక. అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి 2020 జూలైలో వాననీరు చేరి, రోగులను ఖాళీ చేయించవలసి వచ్చింది. ఆ తరువాత కొత్త ఆసుపత్రికి గోషామహల్‌లో స్థలం ఎంచి 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు. ఇక పాత భవనానికి తగిన చికిత్స, తగిన పని చూపవలసి ఉంటుంది.

కూల్చి కట్టడం చవకేనా?

"పాతదాని మీద డబ్బు తగలేసే బదులు కూల్చి కొత్తది కట్టుకుంటే పోలేదా?" అని అడిగేవారుంటారు. ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. నిజంగా ప్రమాదకరంగా మారి, ఏ విధంగానూ బాగుచేయలేని కట్టడాలు ఉంటాయి. కాని లెక్క వేసేటప్పుడు అన్ని ఖర్చులూ లెక్కలోకి రావాలి.

సిమెంటు కోసం సున్నపురాయిని ఇతర పదార్థాలతో కలిపి దాదాపు 1450 డిగ్రీల వద్ద కాల్చాలి. రాయిలోంచి వచ్చే వాయువు, ఇంధనం మండగా వచ్చే వాయువు కలిసి, ఒక టన్ను సిమెంటుకు సుమారు 600 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో చేరుతుంది. ప్రపంచంలో మానవుల వల్ల వెలువడే ఈ వాయువులో 7 నుంచి 8 శాతం వరకు సిమెంటు పరిశ్రమ వాటాయే. భూగోళం వేడెక్కడానికి ఈ వాయువే ముఖ్య కారణమని మీరు చదువుకున్నారు. పాత మేడను నిలిపి వాడుకుంటే దానికి పూర్వం ఖర్చయిన రాయి, ఇటుక, కలప, శ్రమ అన్నీ మరికొన్ని తరాలకు పనికివస్తాయి. కూల్చితే ఆ శిథిలాలు పోయడానికి కూడా చోటు వెతకాలి.

ఇంకొక నష్టం తూకానికి అందదు. ఎర్రమంజిల్ గోడల మీది సున్నపు నగిషీ పని చేసిన చేతులు ఇప్పుడు లేవు. వాళ్ళు ఏ పాళ్ళు కలిపారో, ఏ పనిముట్టు వాడారో పుస్తకాలలో రాసిపెట్టలేదు. ఆ విద్యకు మిగిలిన పుస్తకం ఆ గోడే. కుతుబ్‌షాహీ సమాధుల వద్ద పనిచేసిన నేటి తాపీ పనివారు అటువంటి పాత గోడలను చూసే ఆ పని నేర్చుకోగలిగారు.

మీరు చేసి చూడండి

రెండు పొడి ఇటుకలు తీసుకోండి. ఒకదానికి కింది అంచు తప్ప చుట్టూ పాలిథిన్ కాగితం బిగుతుగా చుట్టి దారంతో కట్టండి. రెండింటినీ ఒక పళ్ళెంలో నిలువుగా నిలబెట్టి, రెండు సెంటీమీటర్ల ఎత్తు నీరు పోయండి. నీరు తగ్గినప్పుడల్లా కలుపుతూ, గంట గంటకూ తడి ఎంత ఎత్తుకు ఎక్కిందో స్కేలుతో కొలిచి పట్టిక రాయండి. చుట్టిన ఇటుకలో తడి ఎక్కువ ఎత్తుకు ఎక్కితే దానికి కారణమేమిటో మీరే చెప్పగలరు. ఆ పాలిథిన్ స్థానంలో సిమెంటు పూతను ఊహించుకోండి.

తరువాత నలుగురైదుగురు జట్టుగా చేరి మీ పాఠశాల ఆవరణ పటం గ్రాఫు కాగితం మీద గీయండి. ఏ గోడకు చెమ్మ ఉంది, ఎక్కడ నీరు నిలుస్తుంది, ఏ తూము పూడింది, ఏ పగులులో మొక్క మొలిచింది, ఏ చెట్టు నీడ ఎక్కడ పడుతుంది అన్నీ గుర్తించండి. గోడలెక్కవద్దు, పగుళ్ళలో చేతులు పెట్టవద్దు. నేల మీద నిలబడి చూసినదే రాయండి. వానాకాలం ముందు ఒకసారి, తరువాత ఒకసారి ఇలా చేసి రెండు పటాలనూ పోల్చండి. ఆ పటాలను మీ ప్రధానోపాధ్యాయులకు చూపించండి. ఈ ఏడు తూము బాగుచేయడానికి అయ్యే ఖర్చు ఎంతో, పదేళ్ళ తరువాత గోడ తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చు ఎంతో ఆయనతో కలిసి లెక్క వేయండి.